తుంగపాయ తూము దగ్గర పడని ముద్ర

నేను ఒక రబ్బరు ముద్రను. నా ఒంటి మీద ఉన్నవి రెండే వాక్యాలు: "ఒప్పందం ప్రకారం పని పూర్తి అయినది. గుత్తేదారు బాధ్యత తీరినది." కింద సంతకానికో గీత, తేదీకో గీత. ఈ రెండు మాటలు చెప్పడానికే నన్ను చేశారు. ఇరవై ఒక్క ఏళ్ళ కొలువులో కొన్ని వేలసార్లు చెప్పాను. అందులో నిజం ఎన్నిసార్లని మాత్రం అడక్కండి.

ఆఫీసుల్లో తెలుగు వాడాలని పైనుంచి గట్టిగా ఉత్తర్వులొచ్చిన రోజుల్లో గఫూర్ సాయిబు అనే ఆయన నన్ను చేశాడు. బస్టాండు వెనక ఆయనది మంచం పట్టేంత కొట్టు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే తిరగేసి పేర్చి, అచ్చు తీసి, రబ్బరు కాచి ఒత్తి, తుమ్మకర్ర పిడికి అతికించాడు. తెల్లకాగితం మీద వేసి చూస్తే "పూర్తి"లో ఒత్తు కాస్త నలిగినట్టు కనిపించింది. ఆఫీసు నుంచి వచ్చిన బంట్రోతు పర్వాలేదు, ఎవరు చూస్తారు, ఇచ్చెయ్యమన్నాడు. సాయిబు ఇవ్వలేదు. ఊడబెరికి మళ్ళీ మొదటినుంచీ చేసి, మర్నాడు రమ్మన్నాడు. ఒప్పుకున్న పనిని ఒప్పుకున్నట్టే చేసిన మనుషుల్లో నేను చూసిన మొదటివాడు ఆయన. రెండోవాణ్ణి చూడ్డానికి నాకు ఏడేళ్ళు పట్టింది.

నన్ను తీసుకెళ్ళి పెట్టింది మురుగు కాలువల సబ్ డివిజన్ ఆఫీసులో. సముద్రానికి పన్నెండు మైళ్ళ ఎడంగా, వరిపొలాల మధ్య ఉన్న చిన్న ఊరు అది. పొలాల్లో ఎక్కువైన నీటిని సముద్రంలోకి పంపే కాలువల్ని తవ్వించడం, గట్లు వేయించడం, తూములు కట్టించడం ఆ ఆఫీసు పని. పని కావాల్సినప్పుడు కంట్రాక్టరుతో ఒప్పందం రాసుకుంటారు. ఇది చేస్తానని అతను, చేస్తే అందుకుంటానని ఆఫీసూ ఒకే తాడుకి రెండు కొసల్లా కట్టుబడతారు. అన్నది అన్నట్టు చేశాక ఆ ముడి విప్పాలి. విప్పేది నేను. నేను పడ్డాక అతను స్వేచ్ఛగా పోవచ్చు. పడేదాకా ఆ పని మంచీచెడూ అతని నెత్తినే ఉంటుంది. చాలా పెద్ద మాటే. అది విన్నప్పుడు నేను పొంగిపోయాను కూడా.

ఆ పొంగు మొదటి నెలలోనే చల్లారింది.

మా ఇంజనీరు తాళ్ళూరి పానకాలరావు. మనిషి తెల్లగా, బొద్దుగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉంటాడు. ఇంకు పెట్టె ఎండిపోతే నీళ్ళు చల్లమని చెప్పే ఓపిక ఉండదు. నన్ను నోటిదగ్గర పెట్టుకుని 'హా' అని ఆవిరి పట్టి, ఆ చెమ్మతో కాగితం మీద గుద్దుతాడు. జర్దా వాసన, పొద్దున తిన్న పెసరట్టు వాసన, పుచ్చిపోయిన దంతం వాసన కలిసి నా అక్షరాల సందుల్లోకి దూరేవి. ఆ వాసనతోనే నేను కాగితం మీద పడి, పని పూర్తయిందని చెప్పేవాణ్ణి.

ఏ పని? పూడిక తీయని కాలువలు. ఒక్క తట్ట మట్టి పడని గట్లు. కాలువ పని ఎంత చేశారో నీళ్ళకింద ఉంటుంది గనక ఎవరికీ కనపడదు, వానాకాలం వచ్చిందంటే ఉన్నదీ లేనిదీ వరద మీదికి తోసెయ్యొచ్చు. బసవపున్నయ్య అనే పెద్ద కంట్రాక్టరు ఉండేవాడు. అతని పనులకు నన్ను ఆఫీసులో వాడిన గుర్తే లేదు. పానకాలరావు నన్ను సంచీలో వేసుకుని అతని ఇంటికే తీసుకెళ్ళేవాడు. కొర్రమీను పులుసు తిన్న చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా, భోజనాల బల్ల మీదే ఒకదాని తర్వాత ఒకటి వేసేవాడు. పులుసు మరకకి పక్కనే "బాధ్యత తీరినది." పిడికంటిన ఆ జిడ్డు వారం రోజులు పోయేది కాదు.

ఆ బల్ల మీదే ఒక సాయంత్రం తుంగపాయ కాలువ చివర రాతి పరుపు వేసినట్టు నాతో చెప్పించారు. రాతి పరుపంటే తూము కట్టే చోట నీటి కోతకి నేల జారిపోకుండా అడుగున పేర్చే బండరాళ్ళు. అవి వేసినట్టు నాకు కనపడలేదు, వేశారని చెప్పాను. ముద్రకి నోరు లేదు, మొహం మాత్రమే ఉంది. మొహాన్ని ఎక్కడ ఒత్తితే అక్కడ మాట పడుతుంది.

రెండేళ్ళ తర్వాత అదే చోట తూము కట్టే పని కొదమల యేసోబుకి వచ్చింది.

యేసోబు యాభై ఏళ్ళ తాపీమేస్త్రి. ముప్పై ఏళ్ళు పెద్ద కంట్రాక్టర్ల కింద గోడలు కట్టి, లైసెన్సు సంపాదించుకుని, సొంతాన తీసుకున్న మొట్టమొదటి పని అది. అతనికి సంతకం వరకే చదువు. భార్య దీనమ్మ మిషను బడిలో ఎనిమిది దాకా చదివింది. ఒప్పందం కాగితాలిచ్చిన రోజున ఆ ఇద్దరూ మా ఆఫీసు వరండాలో కూచుని, దీనమ్మ చదువుతుంటే యేసోబు విన్నాడు. పద్దెనిమిది పేజీలు. ఆ వరండాలో ఒప్పందాన్ని మొదటినుంచి చివరదాకా చదివినవాళ్ళని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. బంట్రోతు నవ్వాడు. లోపల పానకాలరావు కూడా నవ్వాడు. నవ్వనిది హైమావతి ఒక్కతే. ఆమె జూనియర్ అసిస్టెంటు, నేనుండే సొరుగు తాళం ఆమె దగ్గరే ఉంటుంది. చనిపోయిన వాళ్ళ నాన్న ప్లీడరు గుమాస్తా. ఆమె లేచి వెళ్ళి వాళ్ళకి ఒక బల్ల వేయించింది.

పని ఇది. సముద్రం పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు తుంగపాయలోంచి ఎదురెక్కి, ఎగువనున్న సొర్లమెరక అనే ఊరి పొలాల్ని నాశనం చేస్తున్నాయి. కాలువ చివర నాలుగు తలుపుల తూము కట్టాలి. పోటప్పుడు తలుపులు దించితే ఉప్పునీరు ఆగుతుంది, నీరు వెనక్కి తీసే పాటప్పుడు ఎత్తితే పొలాల మురుగు సముద్రంలోకి పోతుంది. మే నెలాఖరుకల్లా పూర్తి చెయ్యాలి. పనిని ఆఫీసు అందుకునేదాకా తలుపులు దించడం, ఎత్తడం, కాపలా అన్నీ కంట్రాక్టరువే. తూము "ఇదివరకే వేసియున్న రాతి పరుపు మీద" కట్టాలని కాగితంలో ఉంది.

జనవరిలో యేసోబు ఆఫీసుకొచ్చాడు. అడ్డుకట్ట వేసి నీళ్ళు తోడించి చూస్తే అడుగున రాయన్నది లేదని చెప్పాడు. పానకాలరావు కళ్ళజోడు తుడుచుకుంటూ, బురదకింద ఉంటుంది, బాగా వెతకమన్నాడు. యేసోబు నిజంగానే వెతికాడు. మనిషి లోతు తవ్వించి, పదిరోజులకి మళ్ళీ వచ్చి లేదన్నాడు. ఉంటుందని పానకాలరావు మళ్ళీ అన్నాడు. అప్పుడు సొరుగులో ఉన్న నాకు సిగ్గుతో ఒళ్ళు ముడుచుకుపోయింది. ఎందుకంటే ఉందని చెప్పింది నేనే.

మరొకడైతే కాగితంలో ఉందన్నారు కదా అని బురద మీదే కట్టేసి పోయేవాడు. కూలితే తప్పు పరుపుది, తనది కాదు. దీనమ్మ కూడా అదే అన్నదట. దానికి యేసోబు చెప్పిన జవాబు హైమావతి చాలారోజులు తలుచుకునేది. కింద రాయి లేకపోతే తూము నిలవదు, తూము నిలవకపోతే నేను ఒప్పుకున్నది చేసినట్టు కాదు అన్నాడు. రెండు పాడిగేదెల్ని అమ్మి, ఒప్పందంలో లేని రాయిని తెప్పించి పరిపించాడు. ఇసుక మంచినీళ్ళతో కడగాలని కాగితంలో ఉంటే, ఆ ఉప్పునేలలో నాలుగు మైళ్ళ అవతలనుంచి పీపాల్లో మంచినీళ్ళు తోలించి కడిగించాడు. గడువుకి పదకొండు రోజుల ముందే పని ముగించి, వచ్చి చూసి అందుకోమని అర్జీ ఇచ్చాడు.

జూన్ మొదటివారంలో పానకాలరావు జీపులో బయల్దేరాడు. నేను సంచీలో ఉన్నాను. ఏడేళ్ళలో మొదటిసారి నన్ను ఒక పని జరిగిన చోటికి తీసుకెళుతున్నారు. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు ఆశ కలిగింది.

జీపు కట్టమీద ఆగింది. సంచీ మూత తెరిచే ఉంది. తూముని చూశాను. నాలుగు కళ్ళు, నాలుగు ఇనుప తలుపులు, పైన తిప్పే చక్రాలు. గోడల అంచులు నూలుపట్టి గీసినట్టున్నాయి. పానకాలరావు జీపు దిగలేదు. ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, దాహమేస్తోందన్నాడు. దీనమ్మ బిందెలోంచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. వద్దు, కొబ్బరిబోండాం ఉంటే చూడమన్నాడు. బోండాంలో నీళ్ళకి మాత్రం అంటు లేదు మరి. యేసోబు దూరంగా తోటలోకి పోయి మూడు కాయలు తెచ్చి కొట్టిచ్చాడు. మూడూ తాగి, డొక్కల్ని కూచున్నచోటినుంచే కాలువలోకి విసిరేశాడు. అవి తేలుతూ వచ్చి తలుపుల గాడిలో ఇరుక్కోబోతుంటే యేసోబు నడుములోతు నీళ్ళలోకి దిగి ఒక్కొక్కటే ఏరి గట్టున పడేశాడు. పానకాలరావు త్రేన్చాడు. ఈ ఇద్దరిలో నేను ఎవరి వస్తువునో తలుచుకుంటే నాకు ఆ సంచీలోనే కంపరం పుట్టింది.

అప్పుడు పానకాలరావు ఒక టైపు కాగితం తీశాడు. పని మొదలుపెట్టేనాటికి రాతి పరుపు యథాతథంగా ఉన్నదని, దాని మీదే తూము కట్టానని యేసోబు రాసిచ్చినట్టుగా ఉంది అందులో. సంతకం పెడితే ఇప్పుడే, ఇక్కడే ముద్ర వేసేస్తానన్నాడు. దీనమ్మ తడిచేతులు చీరకి తుడుచుకుని కాగితం తీసుకుని పైకి చదివింది.

"లేని రాయిని ఉందని ఎట్టా రాసేదండీ?" అన్నాడు యేసోబు.

"ఇప్పుడు ఉందిగదోయ్. ఉందనే కదా రాసేది. ఎవరు వేస్తే నీకేం?"

"నేనేసినానండి. ఆ రాయి నాది."

"అయితే నీ తూము కూడా నీ దగ్గరే ఉంచుకో," అని పానకాలరావు సంచీ మూత వేశాడు. నాకు చీకటైపోయింది. జీపు తిరిగింది.

ఆ తర్వాత ఏం జరిగిందో హైమావతి దగ్గరికి వచ్చిన అర్జీల్లో, పోస్టుకార్డుల్లో, దీనమ్మ స్వయంగా వచ్చి చెప్పిన మాటల్లో విన్నాను. ముద్ర పడలేదు గనక ముడి విడలేదు. ముడి విడలేదు గనక యేసోబు కదలడానికి లేదు. కట్టమీద తాటాకు పాక వేసుకుని, మొగుడూ పెళ్ళాం అక్కడే ఉండిపోయారు. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. నాలుగు తలుపులు రెండుసార్లు దించాలి, రెండుసార్లు ఎత్తాలి. పోటు వేళ రోజూ కొంచెం వెనక్కి జరుగుతుంది కాబట్టి నిద్రకీ తిండికీ ఒక వేళంటూ లేదు. చేతిలో పని పూర్తికాలేదని ఆఫీసు పుస్తకంలో ఉండగా ఇంకో పనికి పేరు ఇవ్వడానికి లేదు. పొద్దున పోయి సాయంత్రం వచ్చే తాపీపని చేసుకుందామన్నా పోటు ఆగదు.

ఎగువన సొర్లమెరక వాళ్ళు మాత్రం ఏడేళ్ళ తర్వాత మొదటిసారి నాట్లు వేశారు. వాళ్ళ లెక్కలో యేసోబు సర్కారు మనిషి. నీళ్ళు ఎక్కువైతే ఆయన్నే అడుగుతారు, తక్కువైనా ఆయన్నే అడుగుతారు. ఆయన జీతం లేని మనిషని, ఆ తూముకి కట్టేసి ఉన్నాడని వాళ్ళకి తెలీదు. ఆయన చెప్పలేదు.

బసవపున్నయ్య ఒకరోజు మా ఆఫీసులో కాలు మీద కాలేసుకుని, వాడు ఇంకా ఎన్నాళ్ళుంటాడని అడిగాడు. పానకాలరావు నవ్వుతూ చెప్పాడు. విసుగుపుట్టి ఏదో ఒకరోజు పోతాడు, పోయిన రోజున ఉప్పునీళ్ళు ఎక్కుతాయి, పైరు పోతుంది. ఒప్పందం తప్పింది యేసోబే అవుతాడు. తూము కట్టిన తీరే మంచిది కాదని రాసేసి పరుపుతో సహా తవ్వించేయొచ్చు. అప్పుడు రాయి ఎప్పటిదని అడిగేవాడుండడు. ఇది ఇద్దరూ టీ తాగుతూ మాట్లాడుకున్నారు. మూడొందల ఎకరాల పైరు మీద, దాన్ని నమ్ముకున్నవాళ్ళ తిండి మీద వాళ్ళు బిస్కెట్లు ముంచుకు తిన్నారు. బిస్కెట్ల కాగితం ఎగిరిపోకుండా పానకాలరావు నన్నే దాని మీద బరువు పెట్టాడు.

పక్క బల్ల దగ్గర హైమావతి టైపు కొట్టడం ఆపింది. ఆమె అన్నీ విన్నది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళ అందరూ బయటికి పోయాక, దీనమ్మని ఎదురుగా కూచోబెట్టుకుని ఆమె చెప్పింది. ఆమెకి చట్టం చదువు లేదు, నాన్న నోట విన్నదే. ఒప్పుకున్న పనిని ఒప్పుకున్న చోట, ఒప్పుకున్న గడువులో పూర్తిచేసి, ఇదిగో అందుకో అని సూటిగా చూపించినప్పుడు, అవతలివాడు సరైన కారణం లేకుండా అందుకోకపోతే, ఆపైన జరిగేదానికి చేసినవాడు పూచీపడక్కర్లేదు.

"మరి ముద్ర పడలేదు గదమ్మా?" అంది దీనమ్మ.

"ముద్ర పని పూర్తయిందని చెప్పడానికండీ. పూర్తిచేసేది మీ ఆయనే గానీ ముద్ర కాదు."

నాగురించి ఎవరైనా అన్న మాటల్లో అంత సరైన మాట ఇంకోటి లేదు. ఆమె అక్కడే నోటీసు టైపు చేసింది. పని ఫలానా తేదీన ముగించాను, మూడుసార్లు అర్జీ పెట్టాను, అక్టోబరు ఇరవై ఎనిమిదిన పొద్దున పది గంటలకి తూము దగ్గర ఉంటాను, వచ్చి చూసి అందుకోండి. రాకపోతే ఆ రోజునుంచి తూము పూచీ మీది. దీనమ్మ దాన్ని తీసుకెళ్ళి యేసోబు సంతకం పెట్టించి రిజిస్టరు పోస్టులో వేసింది. అందినట్టు పానకాలరావు సంతకం పెట్టిన కార్డు వారంలో వాళ్ళకి చేరింది. నోటీసుని అతను చదివి, నాలుగు మడతలు పెట్టి, దాంతో చెవిలో గులిమి తీసుకున్నాడు.

ఇరవై ఎనిమిదో తేదీన అతను తిరునాళ్ళకని సెలవు పెట్టాడు. హైమావతి కూడా సెలవు పెట్టింది. పెట్టేముందు సొరుగు తెరిచి, నన్నూ ఇంకు పెట్టెనీ చేతిసంచీలో వేసుకుంది. రెండు బస్సులు మారి, మైలున్నర కట్టమీద నడిచి తూము చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. అమావాస్య దగ్గరపడింది, పదకొండు గంటలకి పెద్ద పోటు రాబోతోంది.

పాక ముందు రిక్షాబండి మీద వంటపాత్రలు, చాప, పెట్టె కట్టి ఉన్నాయి. దీనమ్మే కట్టించింది. యేసోబు చక్రం పక్కన నిలబడి ఉన్నాడు. అయిదు నెలల్లో మనిషి సగమయ్యాడు. అరచేతులు ఇనుపచక్రం రంగుకొచ్చాయి. పది అయింది. పదింబావు అయింది. జీపు రాలేదు. ఎగువన పొలాలు కంకి మీదున్నాయి, పాలుపోసుకునే దశ. ఆ దశలో ఉప్పునీళ్ళు ఒక్కరోజు నిలిచినా అంతా తాలే.

"పోదాం పదయ్యా," అంది దీనమ్మ. "కాయితం ప్రకారం నీ పని అయిపోయింది. ఆయమ్మ చెప్పింది గదా."

యేసోబు సముద్రం వైపు చూశాడు. నీళ్ళు అప్పటికే కొంచెం కొంచెంగా ఎదురెక్కుతున్నాయి.

అప్పుడు హైమావతి నన్ను సంచీలోంచి తీసింది. ఒప్పందం కాగితం ఇవ్వమని అడిగింది. తానే ముద్ర వేసి, కింద సంతకం గీత మీద పానకాలరావు సంతకం పెడతానంది. ఆ సంతకం ఆమె ఏడేళ్ళుగా చూస్తోంది, అచ్చుగుద్దినట్టు పెట్టగలదు. ఉద్యోగం పోతుంది, జైలుకి కూడా పోవచ్చు. అయినా అంది. నన్ను ఇంకు పెట్టె మీద అద్దబోతుంటే యేసోబు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా. పని చూడాల్సినోడు చూసి ఏస్తేనే అది ముద్ర. చూడకుండా పడితే బసవపున్నయ్యగారి రాయికీ నా రాయికీ తేడా ఏముంటది?"

ఆమె నన్ను కట్టమీద, గడ్డిలో వెల్లకిలా పెట్టేసింది. ఇంకు అంటలేదు. నేను ఆకాశాన్ని చూస్తూ పడుకున్నాను. నా జన్మలో మొదటిసారి, నన్ను నిజం చెప్పడానికే బయటికి తీసి, నిజం కోసమే పక్కన పెట్టారు. ఏడ్వాలో నవ్వాలో నాకు తెలియలేదు.

పదిన్నరకి యేసోబు తలుపులు దించడం మొదలుపెట్టాడు. పూచీ లేని మనిషి దించుతున్నాడు. దీనమ్మ ఒక్క క్షణం చూసి, కొంగు నడుముకి చుట్టి, రెండో చక్రం పట్టుకుంది. రిక్షాబండి చూసి అనుమానం వచ్చి సొర్లమెరక నుంచి రైతులు పరుగున వచ్చారు. ముందు వీరరాఘవులు అనే పెద్దాయన ఉన్నాడు. ఎక్కడికి పోతున్నావని యేసోబుని గద్దించాడు, పైరు ఏం కావాలన్నాడు. నీకు సర్కారు జీతమిస్తోంది కదా అన్నాడు. హైమావతికి అప్పటిదాకా పట్టిన ఓపిక తెగిపోయింది. రాయి సంగతి, గేదెల సంగతి, అయిదు నెలల సంగతి మొత్తం ఆ కట్టమీద నిలబెట్టి చెప్పింది. అరవలేదు, ఏడ్వలేదు, అర్జీ చదివినట్టు చెప్పింది.

వీరరాఘవులు తలగుడ్డ తీసేశాడు. తూము గోడ దగ్గరికి పోయి చేత్తో తడిమాడు. మెట్ల మీంచి దిగి, పాయ అడుగున ఉన్న బండని కాలితో తాకి చూశాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే దిగి చూశారు. ఆ పని ఇంజనీరు చెయ్యాలి. పోటు వచ్చి తలుపుల్ని గుద్దింది. అవతల నీళ్ళు ఎత్తుగా నిలిచాయి. ఇవతల ఒక్క చుక్క కారలేదు. వాళ్ళంతా పోటు తీసేదాకా అక్కడే నిలబడి చూశారు.

తర్వాత వీరరాఘవులు కాగితం ఉందా అని అడిగాడు. హైమావతి తెల్లకాగితం మీద ఆయన చెప్పినట్టే రాసింది: "తుంగపాయ తూము చూశాము. రాయి యేసోబు వేశాడు. పని బాగుంది. ఇవాళ్టినుంచి తలుపులు మేము చూసుకుంటాము." నలుగురు సంతకాలు పెట్టారు. ఏడుగురికి సంతకం రాదు. నా పక్కనున్న ఇంకు పెట్టె మీద ఏడు బొటనవేళ్ళు అద్దుకుని ఆ కాగితం మీద పడ్డాయి. బురద గోళ్ళు, కొడవలి గాట్లు, పగిలిన చర్మం, అన్నీ అచ్చుపడ్డాయి. నా అక్షరాల కన్నా ఆ గీతలే స్పష్టంగా ఉన్నాయి.

యేసోబు ఆ సాయంత్రం దాకా ఉండి, ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకున్న రైతులకి చక్రాలు తిప్పడం, గాడి శుభ్రం చెయ్యడం నేర్పాడు. పాటు వచ్చి తలుపులు ఎత్తాక భార్యని బండెక్కించి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

నన్ను మళ్ళీ సొరుగులో పెట్టారు. ఆ పైరు ఇంటికొచ్చింది. తూము తవ్వించే వీలు పానకాలరావుకి దొరకలేదు, పదకొండు ఇళ్ళవాళ్ళు దానికి కాపలా ఉన్నారు. అతనికేమీ కాలేదు. ఇలాంటివాళ్ళకి ఏమీ కాదు. రెండేళ్ళకి పై ఉద్యోగం వచ్చింది. వెళ్ళిపోయే రోజున పెండింగులో ఉన్న ఫైళ్ళన్నీ బల్ల మీద పేర్చమన్నాడు. హైమావతి నలభై ఫైళ్ళు పేర్చింది, యేసోబుది పదిహేడోది. అతను ఏదీ తెరిచి చూడలేదు. ఒక చేత్తో శాలువా కప్పించుకుంటూ, రెండో చేత్తో నన్ను నోటిదగ్గరికి తీసుకుని ఆవిరి పట్టి, కాగితం కొస ఎత్తి గుద్దుకుంటూ పోయాడు. ముప్పై తొమ్మిది అబద్ధాల మధ్య ఒక నిజం కూడా అదే నోటి కంపుతో, అదే చేతి జిడ్డుతో పడింది. పడిందని అతనికి తెలియదు. నేనెదురుచూసిన మాట అది. చెప్పాక నాకు ఒళ్ళంతా కడుక్కోవాలనిపించింది.

హైమావతి ఆ కాగితం నకలు తీసుకుని ఆదివారం యేసోబుని వెతుక్కుంటూ పోయింది. సోమవారం వచ్చి బంట్రోతుతో చెబుతుంటే విన్నాను. పొన్నూరు దగ్గర ఒక పల్లెలో ఎవరిదో ఇంటికి యేసోబు గోడ పూత పూస్తున్నాడట. దీనమ్మ ఇసుక జల్లెడ ఆపి, కాగితం అందుకుని, పైకి చదివిందట. యేసోబు చివరిదాకా విని, తేదీ ఏం వేశారని అడిగాడు. ఆమె చెప్పింది.

"ఆ తేదీకి నేనక్కడ లేనమ్మా," అన్నాడట. "రైతులకి ఒప్పజెప్పి రెండేళ్ళయింది. ఇది నాది కాదు."

కలిపిన సిమెంటు మాలు ఎండిపోతోందని మళ్ళీ గోడవైపు తిరిగాడు. దీనమ్మ కాగితాన్ని నలగకుండా మడిచి హైమావతి చేతికే తిరిగిచ్చి, అన్నం తిని పొమ్మని కూచోబెట్టిందట. పదకొండుమంది వేసిన కాగితం ఒకటి తమ పెట్టెలో ఉందని, అది చాలునని చెప్పిందట.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. హైమావతి రిటైరైన ఏడాది పాత సామాను వేలం వేశారు. విరిగిన కుర్చీలు, తుప్పుపట్టిన పంచింగు మిషను, నేను ఒకే గోతాంలో పాత ఇనుము కొట్టుకి చేరాం. కొట్టువాడు తుమ్మకర్ర పిడి బాగుందని ఊడదీసుకుని, నా రబ్బరుని మురుగుకాలువ గట్టున పారేశాడు. ఎండకి అక్షరాలు పగుళ్ళిచ్చాయి. వానొస్తే మురుగునీళ్ళు నా మీదుగా పోతాయి, పందులు తొక్కుతూ పోతాయి. ఆఫీసు సొరుగు కన్నా ఇదే శుభ్రంగా ఉంది.